పాత ఓనరే కొత్త పని తెచ్చిపెట్టాలంటే: ఇళ్ల కాంట్రాక్టర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో సొంత స్థలం ఉన్నవాళ్లకు మెటీరియల్‌తో సహా ఇళ్లు కట్టిపెట్టే చిన్న, మధ్య తరగతి కాంట్రాక్టర్ల కోసం రాసిన జవాబులు ఇవి. రేట్లు ఊరూరికీ మారతాయి కాబట్టి ఇక్కడి రూపాయల అంకెలను లెక్క చూపడానికి వేసిన ఉదాహరణలుగానే తీసుకోండి.

ఇల్లు జీవితంలో ఒక్కసారే కదా కట్టుకునేది. ఓనర్ మళ్లీ మన దగ్గరికి వచ్చేదెక్కడ?

వస్తాడు. నాలుగైదేళ్లకు పై అంతస్తు వేస్తాడు, ఊళ్లో అమ్మానాన్నల ఇంటికి రిపేరు చేయిస్తాడు, పక్క స్థలం కొంటే కాంపౌండ్ గోడ కట్టిస్తాడు. ఆయన రాకపోయినా బావమరిది వస్తాడు, ఆఫీసులో పక్క సీటాయన వస్తాడు. లేఅవుట్లలో అయితే పక్క ప్లాటువాళ్లు సాయంత్రం వాకింగ్‌కి వచ్చి మీరు కట్టిన ఇల్లు చూస్తారు. వాళ్లు మాట్లాడేది మీతో కాదు, ఓనర్‌తో. అడిగేవి కూడా రెండే: లెక్క తిన్నగా ఉందా? ఇల్లు అప్పజెప్పాక పిలిస్తే వస్తున్నాడా?

గోడ తూకంగా ఉందో లేదో, స్లాబ్‌లో ఎంత స్టీలు పడిందో సగటు ఓనర్‌కు తెలియదు. తెలిసేవి ఈ రెండే. అందుకే కింద చాలా భాగం వీటి చుట్టూనే తిరుగుతుంది.

రేటు తగ్గించి ఇస్తే కస్టమర్ నిలుస్తాడా?

నిలవడు. రేటు చూసి వచ్చినవాడు ఇంకొకరి రేటు చూసి వెళ్తాడు. పైగా చదరపు అడుగుకు తగ్గించిన యాభై రూపాయలను మీరు ఎక్కడో ఒకచోట రాబట్టుకోక తప్పదు. సాధారణంగా అది వాటర్ ప్రూఫింగ్‌లోనో, కరెంటు వైర్లలోనో కోత పడుతుంది. రెండూ ఇల్లు అప్పజెప్పిన మొదటి ఏడాదిలోనే బయటపడేవి.

చదరపు అడుగుకు ఇంత అని నోటిమాటగా ఒప్పుకున్నాం. చివర్లో కొలతల దగ్గర గొడవైంది. ఎక్కడ తేడా వచ్చింది?

ఏది కొలుస్తారో ముందు రాసుకోకపోవడం వల్ల. ఓనర్ మనసులో ఉన్నది గదుల లోపలి కొలత. మీ లెక్క స్లాబ్ ఈ అంచు నుంచి ఆ అంచు వరకు. ఇద్దరూ మోసగాళ్లు కాకపోయినా చివరి బిల్లు రోజు ఒకరికొకరు అలాగే కనిపిస్తారు.

30×40 ఇల్లు తీసుకుందాం. ప్లింత్ కొలత (బయటి గోడలతో కలిపి) 1,200 చదరపు అడుగులు. ముందు 4 అడుగుల బాల్కనీ ఇంటి 30 అడుగుల వెడల్పంతా, అంటే 120 చదరపు అడుగులు. చదరపు అడుగుకు రేటు 1,900 అనుకుంటే బాల్కనీని పూర్తిగా కలిపితే 2,28,000, సగం కలిపితే 1,14,000. ఒక్క బాల్కనీ మీదే లక్షా పద్నాలుగు వేల తేడా. మెట్ల గది, పైన హెడ్‌రూమ్, పోర్టికో, సన్‌షేడ్లు, డూప్లెక్స్‌లో స్లాబ్ లేకుండా వదిలేసిన హాలు పైభాగం, సంప్ (నేలలోని నీళ్ల తొట్టి), సెప్టిక్ ట్యాంక్, పారపెట్ గోడ, కాంపౌండ్ గోడ... ఇవన్నీ ఇలాంటి బాంబులే.

విరుగుడు పెద్ద అగ్రిమెంట్ కాదు, రంగు పెన్సిళ్లు. ప్లాన్ ప్రింటు తీసి పూర్తి రేటు పడే భాగానికి ఎరుపు, సగం రేటు భాగానికి నీలం వేయండి. రంగు పడనివన్నీ విడిగా లెక్కకట్టేవని అదే కాగితం మీద రాయండి. ప్రతి అంతస్తుకీ ఒక షీటు. ఇద్దరూ సంతకం పెట్టి చెరొక కాపీ ఉంచుకోండి. ప్లింత్ బీమ్ (పునాది పైన, గోడల కింద వచ్చే బీమ్) పడ్డాక ఓనర్‌ని పిలిచి ఒక చివర టేపు ఆయన చేతికే ఇచ్చి కొలవండి. అప్పుడు తేలిన అంకె మీద ఆఖరి రోజు చర్చ ఉండదు.

అగ్రిమెంట్‌లో ఏమేం తప్పకుండా ఉండాలి?

స్టాంపు పేపరు మీద నాలుగు పేజీల న్యాయభాష ఉండి, టైల్స్ దగ్గర 'మంచి క్వాలిటీ' అని ఉంటే ఆ పేపరు దండగ. 'ఫలానా కంపెనీ లేదా దానికి సమానమైనది' అన్న మాట కూడా వద్దు. సమానమో కాదో తేల్చేదెవరు? ప్రతి వస్తువుకూ కంపెనీ, మోడల్ లేదా సైజు, ధర పరిమితి రాయండి. ఉదాహరణకు: హాలుకు విట్రిఫైడ్ టైల్స్ 2×2, అడుగుకు 60 రూపాయల వరకు, మించితే తేడా ఓనర్‌ది, తగ్గితే తేడా ఓనర్‌కే వెనక్కి. వైర్లు లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజర్‌కు 4 చదరపు మిల్లీమీటర్లు. బెడ్‌రూమ్‌కు ఎన్ని పాయింట్లో అంకెలోనే రాయాలి.

చిన్న విషయాలే పెద్ద మనస్పర్థలు తెస్తాయి. పని జరిగినన్నాళ్లూ కరెంటు బిల్లు ఎవరిది? బోరు పడకపోతే నీళ్ల ట్యాంకర్ల ఖర్చెవరిది? వాచ్‌మన్ జీతం? మిగిలిన స్టీలు ముక్కలు, ఖాళీ సిమెంట్ బస్తాలు ఎవరివి? బస్తాలు అమ్మితే వచ్చేది వేలల్లోనే. కానీ మేస్త్రీ అవి ఆటోలో వేసుకుపోతుంటే చూసిన ఓనర్‌కు నిండు బస్తాలు కూడా అలాగే పోతున్నాయేమోనన్న అనుమానం మొదలవుతుంది. ఒక్క లైను రాస్తే పోయేది.

జీఎస్టీ సంగతి కూడా మొదటి రోజే చెప్పండి. మెటీరియల్‌తో కలిపి చేసే ఇంటి పనికి 18 శాతం పడుతుంది. విడి ఇంటికి కేవలం లేబర్ కాంట్రాక్టు అయితే మినహాయింపు ఉంది. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు చివరి బిల్లులో 18 శాతం హఠాత్తుగా చేర్చితే, అంతవరకు సంపాదించుకున్న మంచిపేరు ఆ ఒక్క లైనుతో పోతుంది.

డబ్బులు ఏ దశలో ఎంత తీసుకోవాలి?

ఓనర్ ఇచ్చిన డబ్బు ఎప్పుడూ అయిన పని కన్నా మరీ ముందు ఉండకూడదు, మీరూ చేతి డబ్బు మరీ పెట్టకూడదు. గ్రౌండ్ ప్లస్ వన్ ఇంటికి ఇలా సర్దవచ్చు: అడ్వాన్స్ 10 శాతం, ప్లింత్ బీమ్‌కు 15, మొదటి స్లాబ్‌కు 20, రెండో స్లాబ్‌కు 15, గోడలు, ప్లాస్టరింగ్ అయ్యాక 15, ఫ్లోరింగ్, కరెంటు, ప్లంబింగ్‌కు 15, రంగులయ్యి తాళాలిచ్చిన రోజు 7. మిగిలిన 3 శాతం మొదటి వానాకాలం దాటాక.

ఆ 3 శాతం ఓనర్ దగ్గర ఉంచడానికి చాలామంది ఇష్టపడరు. వసూలు కాదేమోనని భయం. కానీ ఆ మాట ముందుగా మీ నోటి నుంచే వస్తే, పోటీలో ఉన్న మిగతా కొటేషన్లన్నీ పక్కకు పోతాయి. 40 లక్షల పనిలో అది 1,20,000. దాన్ని లాభంలోంచి కాక రేటు వేసేటప్పుడే లెక్కలో పెట్టుకోండి.

ఎక్స్‌ట్రా పనులకు డబ్బు అడిగితే ముఖం మాడ్చుకుంటున్నారు. ఏం చేయాలి?

పని అయ్యాక అడగడమే అసలు లోపం. అటక అడిగారు, వేశారు. సంప్ కాస్త పెద్దది చేయమన్నారు, చేశారు. ఎలివేషన్‌కు రాయి అంటించమన్నారు, అంటించారు. ఆర్నెల్ల తర్వాత అన్నీ కలిపి మూడు లక్షలంటే ఎవరికైనా మండుతుంది. పని మొదలవకముందే వాట్సాప్‌లో ఒక చీటీ పంపండి, ఇంత చిన్నది చాలు:

"సార్, నమస్తే. వంటగదిలో తూర్పు గోడకు అదనపు అటక, 8 అడుగులు × 2 అడుగులు. మెటీరియల్, లేబర్ కలిపి 7,500. పని 3 రోజులు పెరుగుతుంది. సరేనని రిప్లై ఇస్తే రేపు సెంట్రింగ్ కొట్టిస్తాం."

రిప్లై వచ్చేవరకు సెంట్రింగ్ (కాంక్రీట్ పోయడానికి కట్టే అచ్చు) చెక్క తాకొద్దు. సైట్‌లో ఓనర్ తండ్రి చెప్పారనో, మేడమ్ చెప్పారనో చేసిన పనికి డబ్బు రాదు. అందుకే ఎవరి మాట ఫైనలో మొదటి రోజే అడిగి రాసుకోండి. ఇంట్లో వాస్తు సిద్ధాంతి ఉంటే ఆయన వచ్చి చూడాల్సింది ప్లింత్‌కు ముందు. గోడ లేచాక ఈశాన్యం మూల మార్చమంటే ఆ ఖర్చు ఎవరు భరిస్తారో కూడా రాయాలి.

ఇంకో మాట. తగ్గిన పనికి డబ్బు మీరే వెనక్కి చూపించండి. అనుకున్న కిటికీ తీసేస్తే ఆ మొత్తం మైనస్ చేసిన చీటీ పంపండి. ప్లస్ చీటీలు నాలుగు పోయాక ఒక్క మైనస్ చీటీ వెళ్తే మిగతావాటి మీద అనుమానం రాదు.

మధ్యలో స్టీలు, సిమెంట్ ధరలు పెరిగితే? తగ్గితే?

అగ్రిమెంట్ రోజు స్టీలు టన్ను ధర, సిమెంట్ బస్తా ధర రాసుకోండి. 5 శాతం వరకు హెచ్చుతగ్గులు మీవి, ఆపైన రెండు వైపులా ఓనర్‌వి. రెండు వైపులా అన్నమాట ముఖ్యం. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కాక 300 రూపాయలుండే బస్తా 384 నుంచి 354కు రావాలి. వెయ్యి బస్తాల ఇంటికి అది 30,000. పేపర్లో ఓనర్ కూడా ఇది చదువుతాడు. ఆయన అడిగేలోగా మీరే లెక్క చూపిస్తే ఆ తర్వాత పెరిగిన ధర చెప్పినప్పుడు నమ్ముతాడు.

పని నాణ్యంగా చేస్తున్నామని ఓనర్‌కు ఎలా తెలుస్తుంది?

చెబితే తెలియదు, అంకెలు ముందే ఇస్తే తెలుస్తుంది. స్లాబ్ రోజే దీనికి సరైన రోజు, ఎందుకంటే ఆ రోజు ఇంటిల్లిపాదీ కొబ్బరికాయ కొట్టడానికి సైట్‌లోనే ఉంటారు.

1,200 చదరపు అడుగులు, 5 అంగుళాల మందం అంటే 500 ఘనపుటడుగులు, సుమారు 14 ఘనపు మీటర్లు. 1:1.5:3 (సిమెంట్, ఇసుక, కంకర) పాళ్లలో ఘనపు మీటరుకు దాదాపు 8 బస్తాలు, అంటే స్లాబ్‌కే 115 వరకు. బీములకు విడిగా. ఈ లెక్క ముందు రోజే చేతికిస్తే ఖాళీ బస్తాలు ఓనరే లెక్కపెట్టుకుంటాడు, సరిపోతాయి. నీళ్లు బస్తాకు 30 లీటర్లు మించకూడదు, ఇసుకలో తడి కూడా అందులో భాగమే. 15 లీటర్ల బకెట్ అయితే రెండు. కూలీలకు పలచగా ఉంటేనే పని తేలిక, కాబట్టి మిక్సర్ దగ్గర మీ మనిషి లేకపోతే మూడో బకెట్ పడుతుంది. బలం తగ్గేదీ, ఎండాక పగుళ్లొచ్చేదీ అక్కడే.

కవర్ బ్లాకులు (రాడ్లు సెంట్రింగ్‌కు తగలకుండా ఎడం ఉంచే దిమ్మెలు) స్లాబ్‌కు 20, బీములకు 25, పిల్లర్లకు 40, ఫుటింగ్‌కు 50 మిల్లీమీటర్లు. సముద్రం దగ్గర ఊళ్లలో ఇంజినీరు చెప్పినంత పెంచాలి. కంకర రాళ్లు పెట్టి సరిపెట్టొద్దు, రాడ్ల మీద మనుషులు నడిస్తే అవి జారిపోతాయి. కాంక్రీట్ పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 6 నుంచి 15 ఘనపు మీటర్ల కాంక్రీట్‌కు రెండు శాంపిల్స్, ఒక్కోదానికి మూడు క్యూబులు (బలం పరీక్షకు పోసే దిమ్మెలు). ఆరు క్యూబులు ఓనర్ ముందే నింపి, తేదీ గీసి, 28 రోజులకు ల్యాబ్ రిపోర్టు కాపీ ఆయనకే ఇవ్వండి.

స్టీలు లోడు దిగిన రోజు వేబ్రిడ్జ్ చీటీ చూపించి రాడ్లు లెక్కపెట్టండి. 12 ఎంఎం రాడ్ మీటరుకు 0.888 కిలోలు, 12 మీటర్ల రాడ్ 10.66 కిలోలు. లెక్క కట్టడానికి ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

సెంట్రింగ్ విప్పడానికి తొందరపెట్టేది మీ సెంట్రింగ్ వాడే, వాడికి ఇంకో సైట్ ఉంటుంది. 4.5 మీటర్ల లోపు స్లాబ్‌కు సపోర్టులు 7 రోజులు, అది దాటితే 14. 6 మీటర్ల లోపు బీములకు 14, దాటితే 21. ఇవి ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంట్‌కు. పీపీసీ (బూడిద కలిపిన సిమెంట్) అయితే ఇంకా ఆగాలి. తడపడం ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీకి 10. మన ఎండలకు 14 రోజులు కడితేనే మంచిది.

ఓనర్ అమెరికాలో ఉన్నాడు. నాన్నగారు మాత్రం సైట్‌కు వస్తారు. ఎలా నెట్టుకురావాలి?

ఇద్దరికీ ఒకే సమాచారం ఒకే గ్రూపులో వెళ్లాలి. నాన్నగారికి ఒక మాట, కొడుక్కి ఇంకో మాట చేరితే మధ్యలో నలిగేది మీరు. వారానికి ఒకసారి, మన ఆదివారం ఉదయం 8 గంటలకు పంపండి. డాలస్‌లో అప్పుడు శనివారం రాత్రి 8.30 లేదా 9.30, తీరిగ్గా చూస్తారు. ఈ వారం అయిన పని, వచ్చే వారం పని, ఆయన తేల్చాల్సినవి గడువు తేదీతో సహా, ఇప్పటివరకు ఇచ్చిన డబ్బు, అయిన పని విలువ. వీటితోపాటు ఆరేడు ఫొటోలు, అదీ ప్రతివారం అదే చోటు నుంచి తీసినవి. పని జరగని వారం కూడా పంపాలి. సంక్రాంతికి కూలీలు ఊళ్లకెళ్లారని ముందే రాస్తే అది సమాచారం, ఆయన అడిగాక చెబితే సాకు.

నాన్నగారిని మాత్రం ఫోన్‌తో సరిపెట్టొద్దు. ఆయన వచ్చినప్పుడు కుర్చీ వేసి, "బాబాయిగారూ, రేపు లింటెల్ వేస్తున్నాం, ఓసారి కిటికీ ఎత్తు చూస్తారా" అని అడగండి. అడగాల్సిన విషయం కూడా అదే, కిటికీ ఎత్తు తర్వాత మార్చలేం.

గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోంది, పని మిగిలి ఉంది. రాత్రింబవళ్లు చేయించాలా?

ఇక్కడే ఎక్కువమంది పేరు పోగొట్టుకుంటారు. ఆషాఢం పోయి శ్రావణం రాగానే, ధనుర్మాసం పోయి మాఘం రాగానే ఊరంతా ఒకేసారి ముహూర్తాలు, పెయింటర్లు దొరకరు. ప్లాస్టరింగ్ వారం రోజులు తడిపి, ఆపైన మూడు నాలుగు వారాలు ఆరనిస్తేనే లప్పం పెట్టాలి. ముహూర్తం కోసం తడి గోడ మీద రంగు కొడితే ఫొటోల్లో బాగుంటుంది, రెండు నెలల్లో పొక్కులు లేస్తుంది. ఫొటోలు ఎవరూ గుర్తుపెట్టుకోరు, పొక్కులు రోజూ కనిపిస్తాయి.

45 రోజుల ముందే కూర్చుని చెప్పండి: పూజగది, వంటగది, హాలు, ఒక బాత్రూం పూర్తి చేస్తాం, మిగతా గదులకు ప్రైమర్ వరకే, ఫైనల్ కోటు ముహూర్తం తర్వాత ఫలానా తేదీకి. పాలు పొంగించడానికి బెడ్‌రూమ్ రంగుతో పని లేదు. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ల దగ్గర రంగుకు గ్యారంటీ ఉండదని రాతలో తీసుకోండి.

తాళాలతో పాటు ఏం ఇవ్వాలి?

వెండి కుందులు కాదు, ఫైలు ఇవ్వండి. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడకూ టేపు పెట్టి తీసిన ఫొటోలు (పైపు, కరెంటు గొట్టం ఎక్కడున్నాయో రేపు మేకు కొట్టేవాడికి తెలియాలి), స్ట్రక్చరల్ డ్రాయింగులు, క్యూబ్ రిపోర్టులు, గదివారీగా రంగుల షేడ్ నంబర్లు, గేట్ వాల్వులు ఏది దేన్ని ఆపుతుందో రాసిన కాగితం, సెప్టిక్ ట్యాంక్ మూత ఎక్కడుందో కొలతతో, మోటారు, గీజర్ల వారంటీ కార్డులు. ప్రతి రకం టైల్స్ ఐదారు విడిగా. ఆ బ్యాచ్ షేడ్ మళ్లీ దొరకదు.

అప్పజెప్పాక వచ్చే ఫిర్యాదుల్లో ముఖ్యమైనవి ఏవి? ఎలా తేల్చాలి?

బాత్రూం వెనక గోడకు చెమ్మ అన్నిటికన్నా ఎక్కువ. టైల్స్ పగలగొట్టేముందు కారణం తేల్చండి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం గీత గీసి, మోటారు వేయకుండా పొద్దున చూడండి. మట్టం తగ్గితే నీళ్లొచ్చే పైపులో లీకు. తగ్గకపోతే డ్రెయిన్ వైపు లేదా వాటర్ ప్రూఫింగ్. అప్పుడు ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే రంధ్రం కింది వంపు) మూసి నేల మీద 2 అంగుళాల నీళ్లు 48 గంటలు నిలిపి చూడండి. ఎక్కువసార్లు దొరికేది పైపు స్లాబ్‌ను దాటే చోటు, లేదా నేలా గోడా కలిసే మూల. ఈ పరీక్షే సంకన్ స్లాబ్ (బాత్రూం దగ్గర కిందికి దించి వేసే స్లాబ్) నింపకముందు చేసి ఉంటే ఈ పిలుపు వచ్చేది కాదు.

బీము కింద అడ్డంగా సన్నని పగులు: ఇటుక గోడను ఒకేసారి బీము దాకా లేపి బిగించేయడం వల్ల. గోడ కుంగడానికి కొన్ని రోజులు వదిలి ఆఖరి వరస పెట్టి, ప్లాస్టరింగ్‌కు ముందు అటూ ఇటూ ఆరేసి అంగుళాలు కోళ్ల జాలీ కొట్టాలి. వచ్చాక అయితే వి ఆకారంలో గాడి కోసి క్రాక్ ఫిల్లర్, ఫైబర్ మెష్, లప్పం. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు వేరే జాతి. దాన్ని పూడ్చకండి. రెండు చివర్లా పెన్సిల్‌తో గీత, తేదీ వేసి, పెరుగుతోందేమో నెల చూసి ఇంజినీరును పిలవండి. గుంటూరు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడిలో వానాకాలానికి ఉబ్బి ఎండాకాలానికి కుంచించుకునే నేల వల్ల ఇది వస్తుంది.

బాత్రూంలో కంపు అంటే ట్రాప్‌లో ఉండాల్సిన 50 ఎంఎం నీరు ఆరిపోయిందేమో ముందు చూడండి. మూసి ఉంచే ఎన్నారై ఇళ్లలో దాదాపు అదే. చెంబుడు నీళ్లు పోస్తే పోతుంది, ఫోన్లోనే తేలిపోతుంది.

నీళ్ల లీకు, కరెంటు సమస్యకు అదే రోజు మనిషి వెళ్లాలి. మిగతావాటికి 48 గంటల్లో వెళ్లి చూడాలి. చూడటానికి వెళ్లడం వేరు, బాగుచేయడం వేరు. ఓనర్ కోపం మొదటిదాని ఆలస్యం మీదే. పిలవకపోయినా మూడుసార్లు వెళ్లండి: నెలకు, మొదటి పెద్ద వానల తర్వాత, పదకొండో నెలలో. కోస్తాలో పెద్ద వానలంటే అక్టోబర్, నవంబర్ తుఫాన్లు కూడా, జూలైతో అయిపోలేదు. ఈ తిరుగుళ్లకు కాంట్రాక్టు విలువలో 1 శాతం పక్కన పెట్టండి.

గ్యారంటీ ఎన్నేళ్లు ఇవ్వాలి?

అపార్ట్‌మెంట్ బిల్డర్లకు 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 14(3) కింద నిర్మాణ లోపాలకు 5 ఏళ్ల బాధ్యత ఉంది. సొంత ప్లాటులో ఇల్లు కట్టే మీకు అది నేరుగా వర్తించదు గానీ ఓనర్లు ఆ అంకె వినే వస్తారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 'సేవ' కిందకు ఇంటి నిర్మాణం కూడా వస్తుంది, అంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఓనర్‌కు ఉంది. స్ట్రక్చర్‌కు 5 ఏళ్లు, వాటర్ ప్రూఫింగ్‌కు 3, ప్లంబింగ్, కరెంటు పనికి 1 అని విడివిడిగా రాసివ్వండి. ఓనర్ డ్రిల్లు వేసి పైపుకు చిల్లు పెడితే గ్యారంటీ లేదని కూడా రాయండి.

ప్లంబర్, ఎలక్ట్రీషియన్ పని అవగానే మాయమవుతున్నారు.

వాళ్ల డబ్బులోనూ 5 శాతం మొదటి వానాకాలం దాకా ఆపండి, ఆ తేదీకి అడగకుండానే ఇవ్వండి. రెండోది చేయకపోతే మొదటిది ఇంకోసారి కుదరదు.

కొత్త పార్టీని తెచ్చిన పాత ఓనర్‌కు కమిషన్ ఇవ్వొచ్చా?

వద్దు. డబ్బు ముట్టిందని తెలిస్తే ఆయన మాటకు విలువ పోతుంది, మీ రేటులో ఆ కమిషన్ కలిసిందన్న అనుమానమూ వస్తుంది. ఫోన్ చేసి థాంక్స్ చెప్పండి, వీలైతే ఆయన ఇంటి ట్యాంకు కడిగించి గేటుకు రంగు వేయించండి. కొత్త పార్టీని పాత ఇంటికి తీసుకెళ్లాలనుకుంటే ఓనర్‌ని ముందు అడిగి, ఏడాది దాటిన ఇంటికే తీసుకెళ్లండి. కొత్త రంగు వాసన వచ్చే ఇల్లు ఎవరైనా చూపిస్తారు.

గూగుల్‌లో చెడ్డ రివ్యూ పడింది.

రివ్యూ కింద వాదించొద్దు. ఇంటికి వెళ్లండి, సమస్య తీర్చండి. ఆపైన ఏ తేదీన ఏం చేశారో రెండు లైన్లలో అక్కడ రాయండి. తీసేయమని మాత్రం అడగకండి.

ఓనర్ పై అంతస్తు తర్వాత వేస్తానంటున్నాడు. ఇప్పుడే చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. ఆ పని మీకే వస్తుందా అన్నది ఇప్పుడే తేలుతుంది. ఫుటింగులు ఎన్ని అంతస్తులకు డిజైన్ చేశారో డ్రాయింగ్ మీద రాసి ఫైల్లో పెట్టండి. పైకి వదిలే పిల్లర్ రాడ్లు జాయింటుకు సరిపడా ఉండాలి. రాడ్ మందానికి 50 రెట్లు లెక్కన 16 ఎంఎం రాడ్ అయితే 80 సెంటీమీటర్లు, అన్నీ ఒకే ఎత్తులో తెగకుండా. బయట వదిలేస్తే తుప్పు పడుతుంది, కాకినాడ, విశాఖ లాంటి చోట్ల ఇంకా త్వరగా. సిమెంట్ పాలు పూసి, చుట్టూ 1:4:8 పాళ్ల, సిమెంట్ తక్కువ ఉన్న కాంక్రీట్ దిమ్మె పోసి మూయండి. దాన్ని తర్వాత సుత్తితో కొడితే ఊడొస్తుంది, లోపల రాడ్ శుభ్రంగా ఉంటుంది. పైకి పోయే డ్రెయిన్, నీళ్ల పైపులకు షాఫ్టులో చోటు వదిలి చివర్లు మూతలేసి ఉంచండి. మెయిన్ బోర్డులో పై అంతస్తుకు ఖాళీ గొట్టం ఒకటి వేయండి. వాటర్ ప్రూఫింగ్ చేసేటప్పుడు ఈ దిమ్మెల చుట్టూ మూల గుండ్రంగా తిప్పకపోతే మొదటి లీకు అక్కడే వస్తుంది.